అడవి అడిగేది గడువే

కాలిపోయిన అడవి ఫొటో ముందు పెడితే మన నోటి వెంట వచ్చే మాటలు దాదాపు రెండే రకాలు. "అయ్యో, అంతా పోయింది" అన్నది ఒకటి. "ఏం ఫర్వాలేదు, రెండు వానలు పడితే అదే లేస్తుంది" అన్నది రెండోది. చాలాకాలం నేను మొదటి రకం. తర్వాత కొన్నేళ్లు రెండో రకం. ఇప్పుడు ఏ మాట విన్నా ఒకేలా చిరాకేస్తుంది. ఆ చిరాకు ఎందుకో చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

మొదటి రకం నుంచి రెండో రకానికి మారిన రోజు నాకు బాగా గుర్తు. మంటలారిన కొన్ని నెలలకు ఒక కొండవాలు మీద నడిచాను. ఏ చెట్టు పట్టుకున్నా చేతికి మసి. పరామర్శకు వెళ్లినవాడి మొహం వేసుకుని వెళ్లాను. తీరా దగ్గరికెళ్లి చూస్తే, చచ్చాయనుకున్న మోళ్ల మొదళ్ల నుంచి గుత్తులు గుత్తులుగా పిలకలు తన్నుకొస్తున్నాయి. రాగిరంగు లేత ఆకులు. ఆ రోజు మొదలు దొరికినవాళ్లందరికీ "అడవికి ఏమీ కాదు" అని లెక్చర్లిచ్చాను. విన్నవాళ్లు క్షమించాలి. నేను చూసింది నిజమే. కాకపోతే ఆ వాలు అంతకుముందు ఎప్పుడు కాలింది, మళ్లీ ఎప్పుడు కాలబోతోంది అని అడగాలని నాకు తట్టలేదు.

అడవికి దెబ్బలు కొత్త కాదు. నిప్పు, గాలివాన, పురుగు, వరద, కరువు, వీటన్నిటితో చెట్లు మనిషి పుట్టకముందు నుంచీ కాపురం చేస్తున్నాయి. దెబ్బ ఎంత పెద్దదన్నది ఫొటోలో కనిపిస్తుంది. దెబ్బ తర్వాత ఏం మిగిలింది, రెండో దెబ్బ పడేలోగా ఎంత గడువు దొరుకుతుంది అన్నవి ఫొటోలో కనిపించవు. నన్నడిగితే అడవి తలరాత అంతా ఆ రెండింటిలోనే ఉంది.

1988 సంగతి తీసుకుందాం. ఆ ఎండాకాలం అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో 36 శాతం, అంటే 7 లక్షల 93 వేల ఎకరాలకు పైగా మంటల పాలైంది. వేలమంది సిబ్బంది నెలల తరబడి పోరాడారు. చివరికి మంటల జోరు తగ్గించింది సెప్టెంబరులో కురిసిన మంచు. ఇక ఆ పార్కు పని అయిపోయిందని దేశమంతా అనుకుంది. కానీ అక్కడి అడవిలో ఎక్కువగా ఉండేది లాడ్జ్‌పోల్ పైన్ చెట్టు. ఆ జాతిలో చాలా చెట్ల కాయలు జిగురుతో సీలు వేసినట్టు మూసుకుని ఉంటాయి. విత్తనాలను లోపల దాచుకుని ఏళ్ల తరబడి కొమ్మనే పట్టుకుని వేలాడతాయి. మంట వేడికి ఆ జిగురు కరుగుతుంది, కాయ విచ్చుకుంటుంది, విత్తనాలు అప్పుడే చల్లారిన నేల మీద రాలతాయి. పైన నీడ ఉండదు, పోటీపడే గడ్డి ఉండదు, ఎండంతా వాటిదే. తల్లిచెట్టు చచ్చిపోతూ పిల్లలకు పొలం దున్ని ఇచ్చినట్టు ఉంటుంది.

అన్ని చెట్లూ ఇలాగే ఉండవన్నది నాకు ఇంకా నచ్చిన సంగతి. అదే జాతిలో కొన్ని చెట్లు మూతపడని కాయలు కాసి ఏటేటా విత్తనాలు రాలుస్తాయి. నిప్పు వస్తే ఒకరిది పైచేయి, రాకపోతే ఇంకొకరిది. అందుకే 1988 తర్వాత కొన్నిచోట్ల హెక్టారుకు లక్షల్లో మొక్కలు లేచాయి, కొన్నిచోట్ల దాదాపు ఏమీ లేవలేదు. ఆస్పెన్ చెట్టయితే అంతకుముందు లేని చోట్ల కూడా విత్తనం నుంచి మొలకెత్తింది. మనం అడవి అని ఒక్కమాటతో పిలిచేది నిజానికి ఇలాంటి అతుకుల బొంత. ఒక్కో అతుక్కి ఒక్కో వయసు.

ఇక మిగిలినదాని సంగతి. 1980 మే 18 ఉదయం ఎనిమిదిన్నరకు వాషింగ్టన్ రాష్ట్రంలో మౌంట్ సెయింట్ హెలెన్స్ అనే అగ్నిపర్వతం పేలింది. 57 మంది చనిపోయారు. దాదాపు 600 చదరపు కిలోమీటర్ల అడవి అగ్గిపుల్లల్లా నేలకు ఒరిగింది, లేదా నిలువునా మాడింది. జీవం మళ్లీ మొదటి నుంచి మొదలవ్వాల్సిందే అన్నారు. అలా జరగలేదు. మే నెల కాబట్టి ఎత్తు ప్రాంతాల్లో మంచు ఇంకా కరగలేదు, దాని కింద వంగి ఉన్న చిన్న చెట్లు బతికిపోయాయి. పాకెట్ గోఫర్ అనే ఎలుకలాంటి జంతువు బొరియలో ఉండి బతికింది. బతికి ఊరుకోలేదు. తవ్వుకుంటూ తవ్వుకుంటూ కిందున్న పాత మట్టిని బూడిద పైకి తెచ్చి కలిపింది, ఆ మట్టితోపాటు విత్తనాలు, శిలీంధ్రాలు కూడా పైకి వచ్చాయి. 1982లో అన్నిటికంటే ఘోరంగా దెబ్బతిన్న, ప్యూమిస్ అనే తేలికపాటి అగ్నిపర్వత రాయి పరుచుకున్న మైదానంలో లుపిన్ అనే చిన్న మొక్క కనిపించింది. అది చిక్కుడు కుటుంబానికి చెందింది, గాలిలోని నత్రజనిని నేలకు పట్టిస్తుంది. ఆ ఒక్క మొక్క చుట్టూ అల్లుకుని మిగతావి వచ్చాయి.

అదే పేలుడు ఆగస్టులో అయి ఉంటే? మంచు దుప్పటి లేదు. రాత్రిపూట అయి ఉంటే? రాత్రుళ్లు తిరిగే జంతువులన్నీ బొరియల బయట ఉండేవి. దెబ్బ అదే, పర్వతం అదే, లేచే అడవి మాత్రం వేరు. అడవుల గురించి ఎవరైనా ధీమాగా జోస్యం చెబితే నాకు ఈ మంచు దుప్పటే గుర్తొస్తుంది.

అందుకే "శుభ్రం చేయడం" అన్న మాటంటే నాకు భయం. అడవి కాలగానే, కూలగానే ముందు వచ్చేవి లారీలు. పాడైపోయేలోపు కలప తీసేద్దాం, చెత్త ఏరేద్దాం, వరసలుగా మొక్కలు నాటేద్దాం అంటారు. చూడ్డానికి బాధ్యతగానే ఉంటుంది. 2002లో అమెరికాలోని ఒరెగాన్‌లో బిస్కట్ ఫైర్ అనే పెద్ద కార్చిచ్చు వచ్చింది. ఆ తర్వాత కలప తీసేసిన చోట్ల సహజంగా లేచిన మొలకలు 71 శాతం తగ్గిపోయాయని 2006లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. రెండు పేజీలు కూడా లేని ఆ పేపరుకు పెద్ద గొడవే జరిగింది. అధ్యయనం చేసినవాళ్ల సొంత యూనివర్సిటీలోని కొందరు ప్రొఫెసర్లే దాన్ని అచ్చువేయకుండా ఆపమని పత్రికను అడిగారు. ఫలితంలో వింతేమీ లేదు మరి. మంట తర్వాత అప్పుడే తలెత్తిన మొలకల మీద దుంగలు ఈడ్చుకెళితే ఏమవుతుంది? కింద మిగిలిపోయే ఎండుపుల్లలు, కొమ్మలు మళ్లీ నిప్పుకు మేత కూడా అవుతాయి.

మోడు చెట్టు చచ్చినా పనిచేస్తూనే ఉంటుంది. నిలబడి ఉన్నన్నాళ్లూ మొలకలకు కాస్త నీడ, వడ్రంగిపిట్టకు ఇల్లు. పడిపోయాక తడి పట్టి ఉంచే స్పాంజి, మట్టి జారకుండా అడ్డుగోడ. జర్మనీలోని బవేరియన్ ఫారెస్ట్ నేషనల్ పార్కులో 1983లో గాలివాన పెద్దఎత్తున చెట్లను కూల్చింది. పార్కు అధికారులు వాటిని అక్కడే వదిలేయాలని నిర్ణయించారు. తర్వాత బెరడు పురుగు విజృంభించింది, 1990లలో వేల హెక్టార్ల స్ప్రూస్ చెట్లు ఎండిపోయాయి. చుట్టుపక్కల జనానికి ఒళ్లు మండింది. నేనైనా అక్కడ ఉంటే మండేదేమో. కొండలన్నీ బూడిదరంగు కర్రలు గుచ్చినట్టు ఉండేవి. ఇప్పుడు ఆ కర్రల మధ్య ఎవరూ నాటని కొత్త అడవి ఉంది, పాతదానికంటే ఎగుడుదిగుడుగా, రకరకాల వయసులతో.

అయితే ఇక్కడో మాట చెప్పకపోతే మోసం అవుతుంది. అదే పార్కు తన సరిహద్దు వెంబడి మాత్రం పురుగు పట్టిన చెట్లను తీసేస్తూనే వచ్చింది, పురుగు పక్కవాళ్ల అడవుల్లోకి పాకకూడదని. వదిలేయడం మంచిదే కానీ, వదిలేసిన దాని ఖర్చు పొరుగువాడి నెత్తిన వేసే హక్కు ఎవరికీ లేదు. "ప్రకృతిని దాని మానాన వదిలేయండి" అని తేలిగ్గా అనేవాళ్లు ఈ సరిహద్దు గురించి మాట్లాడటం నేను పెద్దగా వినలేదు.

పాత సిద్ధాంతం ఒకటి మన బుర్రల్లో ఇంకా తిష్ఠవేసుకుని ఉంది. 1916లో ఫ్రెడరిక్ క్లెమెంట్స్ అనే వృక్షశాస్త్రవేత్త అడవిని ఒక ప్రాణిలా చూశాడు. గడ్డి, పొద, చిన్నచెట్టు, చివరికి పరిపూర్ణమైన అడవి. దెబ్బ తగిలితే మళ్లీ అదే మెట్లెక్కి అదే గమ్యానికి చేరుతుందన్నాడు. పదేళ్ల తర్వాత హెన్రీ గ్లీసన్ దానికి అడ్డం తిరిగాడు. ఏ జాతి దారి దానిదే, అన్నీ ఒకచోట కనిపించడం చాలావరకు పరిస్థితులూ యాదృచ్ఛికమూ కలిసి చేసిన పని అన్నాడు. అప్పట్లో ఆయన మాట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత చెరువుల అడుగు బురదలో దొరికిన పుప్పొడి లెక్కలు ఆయన వైపే మొగ్గాయి. మంచుయుగం ముగిశాక చెట్లు ఉత్తరానికి జరిగినప్పుడు ఒక్కో జాతి ఒక్కో వేగంతో, ఒక్కో దారిలో జరిగింది. ఈరోజు మనం చూసే అడవి ఒకే రైలు పెట్టెలో కూర్చున్న ప్రయాణికుల గుంపు లాంటిది. ఎక్కిన స్టేషన్లు వేరు, దిగే స్టేషన్లు వేరు. వాతావరణం మారితే పెట్టె మొత్తం కలిసి కదులుతుందని ఎదురుచూడకూడదు.

గడువు అనగానే దెబ్బలు ఎంత దూరంగా పడితే అంత మంచిదనుకుంటే అదీ తప్పే. 1910 ఆగస్టులో ఐడహో, మోంటానా ప్రాంతాల్లో రెండు రోజుల్లో దాదాపు 30 లక్షల ఎకరాలు కాలిపోయాయి. ఆ భయం అమెరికా అటవీశాఖ ఎముకల్లోకి ఇంకిపోయింది. ఎక్కడ మంట కనిపించినా మర్నాడు ఉదయం పదింటికల్లా అదుపులో ఉండాలని 1935లో నియమం పెట్టారు. అక్కడి ఆదివాసులు తరతరాలుగా చిన్నచిన్న మంటలు పెట్టుకుంటూ అడవిని చూసుకున్న పద్ధతిని అంతకుముందే అణచివేశారు. ఫలితం కాలిఫోర్నియాలోని జెయింట్ సెకోయా అనే మహావృక్షాల దగ్గర బయటపడింది. వీటి బెరడు రెండడుగుల మందం దాకా ఉంటుంది, మామూలు మంట వాటిని ఏమీ చేయలేదు. పైగా వాటికి నిప్పు కావాలి. కాయలు ఎండి విచ్చుకోవడానికి వేడి, మొలక వేళ్లూనడానికి ఆకుచెత్త లేని నేల, ఎండ పడటానికి పైన ఖాళీ, అన్నీ నిప్పే ఇస్తుంది. ఏ మంటనూ బతకనివ్వని ఆ దశాబ్దాల్లో సెకోయా వనాల్లో కొత్త మొలకలు దాదాపు కనిపించకుండా పోయాయి. వాటి బదులు నీడలో పెరిగే ఫర్ చెట్లు కిక్కిరిసి, నేల మీది మంట కొమ్మలదాకా ఎక్కడానికి నిచ్చెనలా తయారయ్యాయి. 1960లలో పరిశోధకులు ఈ సంగతి తేల్చాక, అక్కడి పార్కుల్లో కావాలనే చిన్న మంటలు పెట్టడం మొదలైంది. కానీ కొద్దికొద్దిగానే. 2020, 2021 కార్చిచ్చుల్లో ప్రపంచంలోని పెద్ద సెకోయాల్లో 13 నుంచి 19 శాతం దాకా పోయాయని అంచనా. ఎన్నో మంటలు చూసి, కొన్ని వెయ్యేళ్లు పైబడి నిలబడిన చెట్లవి. ఒక్కో జాతికి ఒక్కో గడియారం ఉంది. దాన్ని మనం ముందు ఆపేశాం, ఇప్పుడు అది ఒక్కసారిగా పరుగెడుతోంది.

మళ్లీ ఎల్లోస్టోన్‌కి వద్దాం, ఎందుకంటే నా లెక్చర్లు ఆగిపోయింది అక్కడే. అక్కడి ఎత్తు ప్రాంతాల్లో ఒక చోట పెద్ద మంట వచ్చాక మళ్లీ రావడానికి మామూలుగా 100 నుంచి 300 ఏళ్లు పట్టేది. 2016లో మంటలు 1988లో కాలిన చోటికే, కొన్నిచోట్ల 2000లో కాలిన చోటికే వచ్చాయి. అంటే 28 ఏళ్లకు, 16 ఏళ్లకు. కుర్ర అడవి నిప్పు పట్టదని, అది మంటకు అడ్డుకట్టలా పనిచేస్తుందని అంతకుముందు నమ్మేవాళ్లు. పట్టింది. ఆ వయసు చెట్ల మీద కాయలు ఇంకా తక్కువ, విత్తనాల బ్యాంకు ఇంకా నిండలేదు. 1988 నుంచీ ఆ అడవుల వెంట తిరుగుతున్న మోనికా టర్నర్ బృందం లెక్కపెడితే, మొదటి మంట తర్వాత లేచిన మొక్కలతో పోలిస్తే రెండో మంట తర్వాత లేచినవి ఆరో వంతే. మొదటి మంట మిగిల్చిన దుంగలను కూడా రెండోది మింగేసింది. మనవాళ్లు గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అచ్చం అదే. రోకటి బరువు మారలేదు. వేలు మానకముందే పడింది, అంతే.

నిప్పు కనిపిస్తుంది కాబట్టి దాని గురించే మాట్లాడుతున్నాను. కనిపించని దెబ్బ దాహం. చెట్టు నీళ్లను వేర్ల నుంచి ఆకుల దాకా సన్నటి గొట్టాల్లో తెగని దారంలా లాగుతుంది. నేల ఎండిపోయి, గాలి వేడెక్కి, లాగుడు మరీ ఎక్కువైతే ఆ దారం తెగుతుంది. గొట్టంలోకి గాలి బుడగ దూరుతుంది, ఆ గొట్టం ఇక నీళ్లు మోయదు. 226 జాతుల చెట్లను పరిశీలిస్తే వాటిలో 70 శాతం ఈ తెగే హద్దుకు చాలా దగ్గరగా బతుకుతున్నాయని 2012లో తేలింది. ఎడారి అంచు చెట్లే కాదు, వానలు దండిగా పడే అడవుల చెట్లు కూడా. ఎవరికున్న నీళ్లకు తగ్గట్టు వాళ్లు సంసారం దిద్దుకున్నారు, చేతిలో మిగులు ఎవరికీ లేదు. ఇలా దాహంతో నీరసించిన చెట్టుకు పురుగును ఎదుర్కొనే జిగురు కూడా సరిగా ఊరదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 1990లలో మొదలైన పైన్ బీటిల్ దాడి దాదాపు 180 లక్షల హెక్టార్ల మీద పడింది. ఆ పురుగు అక్కడిదే, బయటినుంచి వచ్చింది కాదు. పూర్వం ఎముకలు కొరికే చలికాలాలు దాని పిల్లలను చంపి లెక్క సరిచేసేవి. ఆ చలికాలాలు అరుదైపోయాయి.

నేను మురిసిపోయిన ఆ పిలకల విషయం కూడా చెప్పాలి. అమెరికా తూర్పు అడవుల్లో ఒకప్పుడు చెస్ట్‌నట్ చెట్లు వందల కోట్లలో ఉండేవి. 1904లో న్యూయార్క్‌లో ఒక తెగులు బయటపడింది, ఆసియా నుంచి తెచ్చిన మొక్కలతో వచ్చిన శిలీంధ్రం. 50 ఏళ్లలోపే దాదాపు 400 కోట్ల చెట్లు పోయాయి. వేర్లు మాత్రం చావలేదు. ఈరోజుకీ ఆ పాత మొదళ్ల నుంచి పిలకలు వస్తాయి. కొన్నేళ్లు పెరుగుతాయి, బెరడు కాస్త పగలగానే తెగులు పట్టుకుంటుంది, పైభాగం ఎండిపోతుంది, మళ్లీ కింద నుంచి పిలక. చాలావాటికి పువ్వు పూసే వయసే రాదు. ఎవరైనా ఫొటో తీస్తే ఎంత ఆశగా కనిపిస్తుందో! లేత ఆకులు, మోడు మొదట్లో, అచ్చం నేను చూసినట్టే.

పచ్చగా ఉంటే అడవి తిరిగొచ్చినట్టేనా అన్నదానికి కొంత లెక్క ఉంది. ఉష్ణమండలంలో సేద్యం మానేసి వదిలేసిన భూముల్లో తిరిగి పెరిగిన అడవులను 77 చోట్ల కొలిచి 2021లో ఫలితాలు ప్రకటించారు. నేల సారం పదేళ్లలోపే చాలావరకు కోలుకుంటుంది. చెట్ల ఎత్తు, గుబురు, జాతుల సంఖ్య పాత అడవి స్థాయికి రావడానికి 25 నుంచి 60 ఏళ్లు. మొత్తం జీవరాశి బరువు, ఏయే జాతులు ఎంతెంత పాళ్లలో ఉండాలో ఆ కూర్పు తిరిగి రావడానికి 120 ఏళ్లు పైనే. ఒకే అడవిలో మూడు గడియారాలు. ఐదో ఏట ఫొటో తీసి రిబ్బన్ కత్తిరించేవాళ్లకు కనిపించేది మొదటి గడియారమే. అయినా నాకు ఇది ఆశ కలిగించే అధ్యయనమే. 20 ఏళ్లకు సగటున పాత అడవి లక్షణాల్లో 78 శాతం దాకా చేరుకుంటాయట, అదీ ఎవరూ నాటకుండా, పక్కనే విత్తనాలిచ్చే అడవి ఉంటే. ఆ 20 ఏళ్లు ఎవరూ మళ్లీ నరక్కుండా, కాల్చకుండా ఉండాలి. నా గొడవంతా అక్కడే. నాటే రోజు పెట్టే ఖర్చులో, చేసే హడావిడిలో పదోవంతు ఆ తర్వాతి 20 ఏళ్ల కాపలాకు పెట్టేవాళ్లు కనిపించరు. కాపలాకు ఫొటోలు రావు కదా.

మొక్కలు నాటొద్దని నేననను. నాటక తప్పని చోట్లు ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో మౌంటెన్ యాష్ అనే యూకలిప్టస్ ఉంది, పూలు పూసే చెట్లలో అన్నిటికంటే పొడవైనవాటిలో ఒకటి. చాలా యూకలిప్టస్‌లు కాలాక మళ్లీ చిగురిస్తాయి, ఇది మాత్రం తీవ్రమైన మంటకు చచ్చిపోతుంది. కొమ్మల్లో దాచిన విత్తనాలే దానికి దిక్కు. ఆ విత్తనాలు సరిపడా కాయడానికి దానికి 15 నుంచి 20 ఏళ్లు కావాలి. అంతలోపే రెండో మంట వస్తే అక్కడ మౌంటెన్ యాష్ ఉండదు, తుమ్మ జాతి చెట్లు వచ్చి కూర్చుంటాయి. చూడ్డానికి అదీ పచ్చగానే ఉంటుంది. 1939, 2009 మంటలు ఈ అడవుల్లో పెద్ద భాగాన్ని తినేశాయి, మధ్యలో నరికింది కొంత. అందుకే ఇలాంటి చెట్ల విత్తనాలను ముందే సేకరించి నిల్వ ఉంచుతున్నారు, కుర్ర అడవి కాలినప్పుడు హెలికాప్టర్లలో తీసుకెళ్లి చల్లుతున్నారు. చేయాల్సిన పనే.

ఆ అడవిలోనే లెడ్‌బీటర్స్ పాసమ్ అనే అరచేతిలో పట్టేంత జంతువు ఉంది. రాత్రంతా కొమ్మల్లో తిరిగి, పగలు ముసలి చెట్టు తొర్రలో కుటుంబమంతా ముడుచుకుని పడుకుంటుంది. మౌంటెన్ యాష్‌కు తొర్ర పడాలంటే కనీసం 120 ఏళ్లు. హెలికాప్టర్ చల్లిన విత్తనం ఈ ఏడు మొలిచిందనుకుందాం. ఆ తొర్ర కోసం 22వ శతాబ్దం సగం దాకా ఆగాలి, ఈలోపు మరో మంట రాకపోతే. అందాకా ఉండటానికని ఇప్పుడు అక్కడి చెట్లకు చెక్కపెట్టెలు వేలాడదీస్తున్నారు.